గ్రూప్‌-1 మెయిన్స్ హిస్టరీ: ఫాక్ట్స్ అన్నీ రాసినా 4 మార్కులే. బాడీ పేరాలు ఎలా రాయాలి?

పాలమూరు_పిల్ల
అందరికీ నమస్తే. నాది తెలుగు మీడియం, తెలంగాణ గ్రూప్‌-1 మెయిన్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. ఇంట్రో, కన్‌క్లూజన్ ఎలాగోలా నడిపిస్తున్నా గానీ మధ్యలో బాడీ దగ్గరే మార్కులు పోతున్నాయి. మొన్నటి టెస్ట్‌లో ఈ ప్రశ్న వచ్చింది:

"1969 తెలంగాణ ఉద్యమం ఉద్యోగాల కోసం జరిగిన ఆందోళన మాత్రమే." విమర్శనాత్మకంగా పరిశీలించండి. (10 మార్కులు)

బాడీలో నా మొదటి పేరా ఉన్నదున్నట్టు పెడుతున్నా (ముల్కీ అంటే స్థానికుడు, ఉద్యోగాల్లో స్థానికులకు రక్షణ ఇచ్చేవి ముల్కీ నిబంధనలు; పెద్దమనుషుల ఒప్పందం అంటే ఆంధ్ర, తెలంగాణ కలవడానికి ముందు రెండు ప్రాంతాల నాయకులు చేసుకున్న ఒప్పందం):

"1919లో ముల్కీ నిబంధనలు వచ్చాయి. 1952లో ముల్కీ ఉద్యమం జరిగింది. సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులు జరిగాయి. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఒప్పందం సరిగా అమలు కాలేదు. 1969 జనవరిలో పాల్వంచలో ఉద్యమం మొదలైంది. 1973లో ఆరు సూత్రాల పథకం, 1985లో 610 జీవో వచ్చాయి."

10కి 4 వేశారు. పక్కన "ఫాక్ట్స్ ఓకే, అనాలిసిస్ లేదు" అని రాశారు. అనాలిసిస్ అంటే ఏం రాయాలో ఎవరూ చెప్పరు. పేపర్‌లో 15 ప్రశ్నలు, 3 గంటలు. అంటే ఒక్కోదానికి 12 నిమిషాలు. అందులో ఆలోచించేదెప్పుడు, రాసేదెప్పుడు?

చిక్కడపల్లి_లైబ్రరీ
ఇందులో ఒక్క తేదీ కూడా తప్పు లేదు, సగం మంది ఈ మాత్రం కూడా రాయరు. కానీ ప్రశ్న "ఉద్యోగాల కోసం మాత్రమేనా?" అని అడుగుతోంది. నీ పేరాలో అవునని లేదు, కాదని లేదు. "తెలంగాణ ఉద్యమ పరిణామాలు రాయండి" అని అడిగినా ఇదే పేరా సరిగ్గా సరిపోతుంది. ఏ ప్రశ్నకైనా సరిపోయే పేరా అంటే ఈ ప్రశ్నకి రాసింది కాదన్నమాట.

కర్నూలు_రాజా
అక్కా, సింపుల్. పేరాలు మానేసి బుల్లెట్లు వెయ్. ఎవాల్యుయేటర్ ముందు కట్టలు కట్టలు ఉంటాయి, నీ పేరా మొత్తం చదివే ఓపిక ఎవరికుంది? సైడ్ హెడింగ్ పెట్టి, కింద నాలుగు పాయింట్లు వేసి, కీవర్డ్స్ అండర్‌లైన్ చేస్తే టైమ్ కూడా మిగులుతుంది.

పాతకాపీ
నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. గ్రూప్‌-1 పేపర్లు దిద్దలేదు గానీ యూనివర్సిటీ జవాబు పత్రాలు చాలానే దిద్దాను. రాజా గారు అన్నట్టు దిద్దేవాడికి ఓపిక తక్కువ, నిజమే. అందుకే వాడి కన్ను ముందు ప్రతి పేరా మొదటి వాక్యం మీదే పడుతుంది. అక్కడ జవాబు కనబడితే మిగతాది కాస్త శ్రద్ధగా చదువుతాడు. "1919లో" అని మొదలైతే, ఇదీ మామూలు వరసే అనుకుని కిందికి జారిపోతాడు.

అమ్మాయి పేరా చూడండి. ఎనిమిది వాక్యాలు, ఎనిమిది సంఘటనలు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య "అందువల్ల", "అయినా", "దాంతో" లాంటి మాట ఒక్కటైనా ఉందా? ఒప్పందం అమలు కాలేదు అన్నారు. ఏ అంశం అమలు కాలేదు? దానికీ పాల్వంచకీ సంబంధం ఏంటి? అనాలిసిస్ కోసం ఎక్కడో వెతకక్కర్లేదు, ఈ రెండు ప్రశ్నలకి జవాబు రాస్తే అదే అనాలిసిస్.

ఇంకో సంగతి. ప్రశ్న 1969 గురించి. 610 జీవో 1985 డిసెంబర్‌ది. అది ఈ పేరాలోకి ఎందుకు వచ్చింది? తెలుసు కాబట్టి వచ్చింది. తెలిసినదంతా రాయాలన్న ఆత్రమే 12 నిమిషాల్ని మింగేస్తుంది.

పాలమూరు_పిల్ల
సార్, మరి ఇదే సరుకుతో మీరైతే ఎలా రాస్తారు? ఒక్క పేరా రాసి చూపించండి ప్లీజ్.

పాతకాపీ
మొత్తం నేను రాసేస్తే మీకేం లాభం? ముందు ప్లాన్ చూద్దాం. ప్రశ్నలో "మాత్రమే" ఉంది కాబట్టి మీ నిర్ణయం ఒక్క వాక్యంలో చిత్తు కాగితం మీద పెట్టుకోండి: "ఉద్యమం ఉద్యోగాల దగ్గర మొదలైంది, కానీ దాన్ని పెద్దది చేసింది హామీల మీద పోయిన నమ్మకం." ఇప్పుడు మూడు పేరాలు వాటంతటవే వస్తాయి.

ఒకటి, ఉద్యోగాల సమస్య నిజమే. రెండు, నిధుల విషయంలోనూ హామీ తప్పారన్న భావన ఉంది. మూడు, అది రాజకీయ డిమాండ్‌గా మారింది. ఒక్కో పేరాకి రెండు ఆధారాలు చాలు. మొదటిది నేను రాస్తాను, మిగతా రెండూ మీరు రాయండి.

"ఉద్యమానికి నిప్పు రాజుకుంది ఉద్యోగాల దగ్గరే. స్థానికుల నియామకాలకు ముల్కీ నిబంధనలు ఇచ్చిన రక్షణను 1957 నాటి పార్లమెంటు చట్టం కొనసాగించినా, ఆ రక్షణ ఉండగానే స్థానికేతరులు ఉద్యోగాల్లో చేరుతున్నారన్న ఆగ్రహం 1969 జనవరిలో పాల్వంచ, ఖమ్మంలలో బయటపడింది. స్థానికేతరులను వెనక్కి పంపుతామని ప్రభుత్వం జనవరి 21న 36వ నంబరు జీవో ఇచ్చింది. కానీ మార్చిలో సుప్రీంకోర్టు 1957 చట్టంలోని నివాస నిబంధనను కొట్టేయడంతో చట్టం ఇచ్చిన రక్షణ కూడా నిలవదని తేలిపోయింది. అందువల్ల ‘ఎన్ని ఉద్యోగాలు’ అన్న తగాదా కొద్ది నెలల్లోనే ‘ఎవరి హామీని నమ్మాలి’ అన్న ప్రశ్నగా మారింది."

ఐదు వాక్యాలు. మొదటిది జవాబు, మధ్యవి ఆధారాలు. చివరిది పేరాని ప్రశ్నలోని "మాత్రమే" దగ్గరికి తీసుకెళ్లి, రెండో పేరాకి దారి ఇస్తోంది. 1952 గురించి నేను రాయలేదు, గమనించారా? అది ఇంట్రోలో ఒక్క ముక్కగా ఉంటే సరిపోతుంది.

గోదారిగట్టు
సార్ పేరా బాగుంది గానీ ఒక డౌట్. నేను ఏపీ గ్రూప్‌-1కి రాస్తున్నా. మా కోచింగ్‌లో క్రోనాలజీ తప్పకూడదని నెత్తినోరూ కొట్టుకుని చెబుతారు. ఇలా వాదన ప్రకారం పేరాలు విడగొడితే తేదీలు ముందువెనకలు అవ్వవా?

పాతకాపీ
పేరా లోపల కాలక్రమం ఉంటే చాలు. పైన నా పేరాలో 1957, జనవరి, మార్చి వరసగానే వచ్చాయి. పేరాల మధ్య మాత్రం వరసని వాదన నిర్ణయించాలి. "పరిణామక్రమం వివరించండి" అని అడిగితే అప్పుడు మొత్తం కాలక్రమమే, అందులో సందేహం లేదు.

న్యూజెర్సీ_నాన్న
కొంచెం పక్కదారి, క్షమించండి. మా అమ్మాయి ఇక్కడ హైస్కూల్లో ఏపీ యూఎస్ హిస్టరీ చేస్తోంది. (ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. ఇంట్లో ఈ జోక్ అరిగిపోయింది.) వాళ్లకి లాంగ్ ఎస్సేకి 40 నిమిషాలు, మొత్తం 6 పాయింట్లు. ఎవిడెన్స్‌కి 2 పాయింట్లు ఉంటాయి. ప్రశ్నకి సంబంధించిన నిర్దిష్టమైన ఉదాహరణలు రెండు ఇస్తే ఒక పాయింటే. అవే ఉదాహరణల్ని తన వాదనని నిలబెట్టడానికి వాడితేనే రెండోది. ఈ చర్చలో చెబుతున్నది అక్కడ రూల్‌గా రాసి పెట్టారు.

చిక్కడపల్లి_లైబ్రరీ
అదే మన దగ్గరా అచ్చేసి ఇస్తే ఎంత బాగుండు. ఇక్కడ ఎవరికెన్ని ఎందుకొచ్చాయో అశోక్ నగర్ టీ కొట్టు దగ్గర ఊహించుకోవడమే.

వరంగల్_వీకెండ్
హాయ్ ఫ్రెండ్స్, ఎవరి దగ్గరైనా పేపర్‌-6 నోట్స్ పీడీఎఫ్ ఉంటే పంపండి ప్లీజ్. అర్జెంట్.

నిర్వాహకుడు
పీడీఎఫ్‌ల కోసం వేరే విభాగం ఉంది, అక్కడ అడగండి. ఇక్కడ ఆన్సర్ రైటింగ్ గురించి మాత్రమే. మళ్లీ ఇలా అడిగితే ఆ పోస్ట్ తొలగించబడుతుంది.

కర్నూలు_రాజా
నా బుల్లెట్ల సంగతి ఎవరూ తేల్చలేదు. సార్ పేరా చదవడానికి బాగుంది, ఒప్పుకుంటా. కానీ అంత చక్కటి వాక్యాలు పరీక్ష హాల్లో, చెయ్యి నొప్పి పుడుతుంటే, పదమూడో ప్రశ్నకి ఎవడికొస్తాయి? పైగా తెలుగు చేతిరాత. ఇంగ్లిష్ మీడియం వాళ్లు రాసినంత వేగంగా ఒత్తులు, గుణింతాలు పెట్టి రాయలేం. బుల్లెట్లయితే కనీసం పేపర్ పూర్తవుతుంది.

పాతకాపీ
న్యాయమైన మాటే. పేపర్ పూర్తి చేయడమే ముందు. ఒక్క ప్రశ్న వదిలేస్తే 10 పోతాయి, ఎంత గొప్ప పేరా రాసినా ఆ లోటు తీరదు. అయితే బుల్లెట్లలోనూ జవాబు చెప్పొచ్చు. ఇబ్బంది మీ హెడింగ్‌లతోనే. "ఆర్థిక కారణాలు", "రాజకీయ కారణాలు", "సామాజిక కారణాలు" అనే మూడు హెడింగ్‌లు సిపాయి తిరుగుబాటు నుంచి మండల్ దాకా ఏ ప్రశ్నకైనా అతుకుతాయి. అవి ఖాళీ డబ్బాల మీద అంటించిన చీటీలు. బదులుగా "మిగులు నిధులు: హామీ ఉంది, లెక్క లేదు" అని పెట్టండి. పడే సిరా అంతే. కానీ హెడింగే వాదన చెప్పేస్తోంది. దాని కింద రెండు బుల్లెట్లు వేసినా ఆధారాల్లా కనబడతాయి.

నా మటుకు నేను పేరాల వైపే. బుల్లెట్‌కీ బుల్లెట్‌కీ మధ్య "కాబట్టి" రాయడానికి చోటుండదు.

గోదారిగట్టు
హెడింగ్ ఐడియా సూపర్. నేను ట్రై చేస్తున్నా, చూసి చెప్పండి. ప్రశ్న: "అల్లూరి సీతారామరాజు నాయకత్వంలోని మన్యం తిరుగుబాటు (1922–24) స్థానిక గిరిజన పోరాటమా, జాతీయోద్యమంలో భాగమా? చర్చించండి."

నా ప్లాన్:
1. మూలాలు మన్యంలోనే: 1882 మద్రాసు అటవీ చట్టం, పోడు మీద ఆంక్షలు, గూడెంలో రోడ్డు పనికి వెట్టి, ముఠాదారుల (కొండ ఊళ్లలో పన్ను వసూలు చేసే పెద్దల) అసంతృప్తి. 1879లోనే రంప పితూరీ జరగడం.
2. జాతీయోద్యమ ప్రభావం: ఖద్దరు, మద్యనిషేధం, కోర్టులకు బదులు పంచాయితీలు.
3. తేడా: గాంధీజీ అహింస, రాజుది సాయుధ మార్గం. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడులు.
4. ముగింపు: 1924 మేలో రాజు మరణం.

చిక్కడపల్లి_లైబ్రరీ
మొదటి మూడూ బలంగా ఉన్నాయి. నాలుగోది తీసెయ్. ఆయన ఎప్పుడు చనిపోయారన్నది ఈ ప్రశ్నకి జవాబు కాదు. ఇంకోటి, 1879 రంప పితూరీని "జరగడం" అని చివర్లో తగిలించావు. నీ దగ్గరున్న మంచి ఆధారం అది. జాతీయోద్యమం ఇంకా పుట్టకముందే అదే కొండల్లో అలాంటి కారణాలకే తిరుగుబాటు వచ్చిందంటే, మూలాలు స్థానికమే అనడానికి అంతకంటే ఏం కావాలి? కాంగ్రెస్ పుట్టింది 1885లో. ఈ రెండు తేదీలు ఒకే వాక్యంలో పక్కపక్కన పెట్టు, ఇంకేం వివరించక్కర్లేదు.

పాతకాపీ
ఆ సలహాకి పూర్తి మార్కులు. గోదారిగట్టు గారూ, రెండోదీ మూడోదీ విడివిడిగా పెడితే "ఒకవైపు అవును, ఇంకోవైపు కాదు" అని చేతులు దులుపుకున్నట్టు ఉంటుంది. రెండింటినీ కలిపేయండి. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా తర్వాత సహాయ నిరాకరణ ఆగిపోయింది, ఆగస్టులో స్టేషన్ల మీద దాడులు మొదలయ్యాయి. ఉద్యమం నుంచి కార్యక్రమం తీసుకున్నాడు, పద్ధతి తీసుకోలేదు. ఇదే ఒక పేరా. చాలామంది మూడు దాడుల్ని 22, 23, 24 తేదీలతో సహా మూడు వాక్యాల్లో కథలా చెబుతారు. వరసగా మూడు రోజుల్లో మూడు స్టేషన్లు అని ఒక్క వాక్యంలో చెప్పి, అంత పకడ్బందీగా చేయడానికి స్థానికుల అండ ఎంత ఉండాలో తర్వాతి వాక్యంలో రాయండి. మూడో పేరా మీ తీర్పు కోసం ఉంచుకోండి.

సివిల్స్_సిద్దిపేట
యూపీఎస్సీ రాసేవాళ్లకి కూడా ఇది పనికొస్తుంది. జీఎస్‌-1లో 20 ప్రశ్నలు, 3 గంటలు. 10 మార్కులవి 150 పదాలు, 15 మార్కులవి 250 పదాలు. సగటున 9 నిమిషాలు. అక్కడ ఐదు వాక్యాల పేరాలు మూడు పట్టవు. నేను 150 పదాలకి రెండే బాడీ పేరాలు, ఒక్కోటి మూడు వాక్యాలు పెడతా: మాట, ఆధారం, దానివల్ల ఏం తేలింది. అంతే.

పాలమూరు_పిల్ల
రెండో పేరా రాశాను. టైమర్ పెట్టుకునే రాశా, ఈ ఒక్క పేరాకే 4 నిమిషాలు పట్టింది.

"ఉద్యోగాలతో సంబంధం లేని హామీలు కూడా నెరవేరకపోవడం వల్ల అసంతృప్తి విస్తరించింది. తెలంగాణ మిగులు ఆదాయాన్ని తెలంగాణ అభివృద్ధికే ఖర్చు చేయాలని పెద్దమనుషుల ఒప్పందం చెప్పింది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం నుంచి ఉంటే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం నుంచి ఉండాలనీ చెప్పింది. అయినా 1956 నాటి తొలి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి పదవి లేదు. మిగులు ఎంతో తేల్చడానికి 1969లో జస్టిస్ భార్గవ కమిటీని వేయాల్సి వచ్చింది. ఇది చాలా అన్యాయం."

పాతకాపీ
మొదటి పేరాకీ దీనికీ పోలికే లేదు. "అయినా" సరైన చోట పడింది. చివరి వాక్యం కొట్టేయండి, అది మీ కోపం, చరిత్ర కాదు. దాని చోట ఇలా రాయండి: "పదమూడేళ్ల తర్వాత కూడా లెక్క తేలకపోవడమే ఒప్పందానికి పర్యవేక్షణ ఎంత బలహీనంగా ఉందో చూపుతుంది." ఏ పక్షం వాడు దిద్దినా ఆ వాక్యం మీద పెన్ను ఆగదు.

కర్నూలు_రాజా
సార్, సీమవాణ్ణి కదా, నేను దిద్దితే ఆగుద్దేమో 😄 సరదాకే. నిజంగా అడుగుతున్నా: అవతలి వాదన ఎక్కడ పెట్టాలి? ప్రభుత్వం అప్పట్లో చర్యలు తీసుకుంది కదా, 36 జీవో, ఏప్రిల్‌లో ప్రధాని ఎనిమిది సూత్రాలు. అవి రాయకపోతే ఏకపక్షం అంటారు. చివర్లో రాస్తే మన వాదనకి మనమే గండి కొట్టినట్టు అవుద్ది.

చిక్కడపల్లి_లైబ్రరీ
చివర్లో వద్దు. దేనికి సంబంధించిన ఆధారం ఆ పేరాలోనే "అయితే" తో వచ్చిపోవాలి. పైన సార్ 36 జీవోని అలాగే వాడారు చూడు, ఇచ్చారు అన్నారు, వెంటనే "కానీ మార్చిలో" అన్నారు. ఎనిమిది సూత్రాల్ని మూడో పేరాలో పెట్టు: చర్యలు ప్రకటించాక కూడా 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాల్లో 10 ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజా సమితి పార్టీ గెలిచింది. ఓటేసిన వాళ్లంతా సర్కారు కొలువు అడిగేవాళ్లు కాదు కదా. "ఉద్యోగాలు మాత్రమే" అన్నదానికి అదే పెద్ద దెబ్బ.

పాలమూరు_పిల్ల
అన్నా, ఆ చివరి లైన్ నేను తీసేసుకుంటున్నా. ఒక డౌట్: ముల్కీకి ఎన్నేళ్ల నివాసం? ఒక మెటీరియల్‌లో 12, ఇంకోదాంట్లో 15 ఉంది. పరీక్షలో ఏది రాయాలి?

సివిల్స్_సిద్దిపేట
రెండూ ఉన్నాయి, వేర్వేరు చోట్ల. ముల్కీ నిబంధనల్లో 15 ఏళ్లు. పెద్దమనుషుల ఒప్పందంలో 12 ఏళ్లు అని ఉంది. 1957 చట్టం కింద 1959లో చేసిన రూల్స్‌లో మళ్లీ 15. హాల్లో తేడా గుర్తు రాకపోతే అంకె వేయకుండా "నిర్ణీత కాలం నివాసం" అని రాసి ముందుకెళ్లు. తప్పు అంకె కంటే అంకె లేకపోవడమే నయం.

వరంగల్_వీకెండ్
నా పోస్ట్‌కి సారీ అందరికీ. చదివాక ఒక డౌట్ వచ్చింది: టైమ్ అయిపోతుంటే ఏం చేయాలి? నాకు ఎప్పుడూ చివరి రెండు ప్రశ్నలకి ఐదేసి నిమిషాలే మిగులుతాయి.

చిక్కడపల్లి_లైబ్రరీ
ఐదు నిమిషాలే ఉంటే ఇంట్రో ఒక్క వాక్యం. తర్వాత మూడు పేరాల మొదటి వాక్యాలు మూడూ రాసెయ్, ఒక్కోదాని కింద ఒక్కో ఆధారం. నేనైతే కన్‌క్లూజన్ వదిలేస్తా.

పాతకాపీ
కన్‌క్లూజన్ విషయంలో నేను ఒప్పుకోను, ఒక్క వాక్యమైనా ఉండాలి. మిగతాదంతా సరే. అసలు ఆ ఐదు నిమిషాల పరిస్థితి రాకుండా చూసుకోండి. మొదటి రెండు ప్రశ్నలు బాగా వచ్చినవని 20 నిమిషాలు రాసేవాళ్లకే చివర్లో ఈ బాధ. బాగా తెలిసిన ప్రశ్నే ప్రమాదం. 12 నిమిషాలు కాగానే ఆ వాక్యం పూర్తి చేసి పేజీ తిప్పేయాలి. జనరల్ ఎస్సే పేపర్ వేరు. అక్కడ 3 వ్యాసాలు, ఒక్కోదానికి 50 మార్కులు, గంట టైమ్ ఉంటుంది. పేరాలు పెరుగుతాయి, పద్ధతి ఇదే. దాని గురించి అడిగేవాళ్లుంటే వేరే థ్రెడ్ పెట్టండి.

నిర్వాహకుడు
థ్రెడ్‌ని పైన పిన్ చేస్తున్నాం. ప్రాక్టీస్ కోసం ఈ వారం ప్రశ్న: "కాకతీయుల కాలంలో తటాకాల నిర్మాణం కేవలం ధర్మకార్యమా?" పూర్తి జవాబు వద్దు. మూడు పేరాల మొదటి వాక్యాలు మాత్రమే పెట్టండి.

కర్నూలు_రాజా
నేనే ఫస్ట్. హెడింగ్‌లుగా పెడుతున్నా:
1. పుణ్యం కోసమే అని శాసనాలు చెప్పినా, చెరువు వెనకాలే సాగు పెరిగింది.
2. చెరువుల వల్ల వ్యవసాయం విస్తరించింది.
3. రామప్ప, పాకాల లాంటి చెరువులు తవ్వించినవాళ్లు రాజు కింది అధికారులు, సేనానులు. అంటే అధికారం ఊళ్లలోకి వెళ్లే దారి కూడా అదే.

పాతకాపీ
మూడోది చాలా బాగుంది, దాన్నే మొదటికి తెచ్చినా తెచ్చుకోవచ్చు. రెండోది తీసెయ్యండి, మొదటిది చెప్పిందే మళ్లీ చెబుతోంది. దాని చోట పన్ను రాబడి గురించి ఒకటి ఆలోచించండి.